ఆర్50 సరిపోతుందా, ఆర్6 మార్క్ 2 కొనాలా: తరచుగా అడిగే ప్రశ్నలు

చవక కెమెరా, ప్రొఫెషనల్ కెమెరా అని గాల్లో మాట్లాడుకుంటే ఎప్పటికీ తేలదు. రెండు మోడళ్లు పక్కపక్కన పెట్టుకుంటే తొందరగానే తేలిపోతుంది. ఇక్కడ పెట్టుకున్నవి కెనాన్ ఈఓఎస్ ఆర్50, ఈఓఎస్ ఆర్6 మార్క్ 2. మొదటిదాన్ని 2023 ఫిబ్రవరిలో, రెండోదాన్ని 2022 నవంబరులో ప్రకటించారు. కంపెనీ ఒకటే, మౌంట్ (లెన్స్ తగిలించే అమరిక, దీని పేరు ఆర్‌ఎఫ్) ఒకటే, మెనూలు దాదాపు ఒకటే. ఇంకా విచిత్రం, రెండూ 24.2 మెగాపిక్సెళ్లే. కానీ విడుదలప్పుడు అమెరికాలో లెన్స్ లేని ఒట్టి బాడీ ధర ఒకదానికి 679 డాలర్లు, రెండోదానికి 2,499 డాలర్లు. మన దేశంలో కూడా మొదటిది కొనే డబ్బుకు రెండోది దరిదాపుల్లోకి రాదు. ఆ పైడబ్బు దేనికి పోతోంది అన్నదే కింది ప్రశ్నలన్నిటికీ మూలం.

రెండూ 24 మెగాపిక్సెళ్లే కదా, ఫొటోలో తేడా కనిపిస్తుందా?

పగటి వెలుతురులో కనిపించదు. మధ్యాహ్నం ఆరుబయట ఒకే ఫ్రేమింగుతో తీసి, ఆల్బమ్ షీటు మీద ప్రింట్ వేయించి పక్కపక్కన పెడితే, ఏది ఏ కెమెరాదో తీసినవాళ్లు కూడా తడుముకోవాల్సిందే.

తేడా సెన్సర్ (వెలుతురును పట్టి ఫొటోగా మార్చే చిప్) సైజులో ఉంది. ఆర్6 మార్క్ 2ది ఫుల్ ఫ్రేమ్, 36 × 24 మిల్లీమీటర్లు. ఆర్50ది ఏపీఎస్-సీ, అంటే మనవాళ్లు క్రాప్ సెన్సర్ అనేది, 22.3 × 14.9 మిల్లీమీటర్లు. విస్తీర్ణం లెక్క వేస్తే పెద్దది చిన్నదానికి 2.6 రెట్లు. ఒకే అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర), ఒకే షటర్ స్పీడు (వెలుతురు పడనిచ్చే సమయం) పెడితే పెద్ద సెన్సర్ మీద మొత్తంగా పడే వెలుతురు కూడా అన్ని రెట్లే ఎక్కువ. ఎండలో ఆ అదనంతో పనేమీ లేదు, వెలుతురు కరువైనప్పుడే దాని అవసరం.

తెల్లవారుజాము ముహూర్తం, లైటింగ్ అంతంతమాత్రం. అప్పుడెంత తేడా?

ఐఎస్‌ఓ అంటే తక్కువ వెలుతురులోనూ ఫొటో వెలిగేలా పెంచుకునే సెట్టింగు, పెంచేకొద్దీ ఫొటోలో గ్రెయిన్, అంటే చుక్కచుక్కల గరుకు, పెరుగుతుంది. ఆర్50లో ఐఎస్‌ఓ 2500 దగ్గర కనిపించే గ్రెయిన్ ఆర్6 మార్క్ 2లో సుమారుగా 6400 దగ్గర కనిపిస్తుంది. ఒకటిన్నర స్టాప్‌కు కాస్త తక్కువ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు). చిన్న తేడా కాదు, అలాగని కొంపలు మునిగే తేడా కూడా కాదు.

కొంపలు మునిగేది లెన్స్ దగ్గర. ఆర్50తో పాటు వచ్చే కిట్ లెన్స్ 18-45ఎంఎం, ఎఫ్/4.5-6.3. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది. ఇది జూమ్ చివరికి వెళ్లాక ఎఫ్/6.3 కన్నా తెరుచుకోదు. దాన్ని తీసేసి ఆర్‌ఎఫ్ 50ఎంఎం ఎఫ్/1.8 తగిలిస్తే లోపలికొచ్చే వెలుతురు పన్నెండు రెట్లు. ఆ లెన్స్ 160 గ్రాములు, ఆర్‌ఎఫ్ లెన్సుల్లో బాగా చవకైన వాటిలో ఒకటి. సెన్సర్ మారిస్తే 2.6 రెట్లు, లెన్స్ మారిస్తే 12 రెట్లు: మీరే చూసుకోండి. ఇంకో మాట. ఆర్6 మార్క్ 2కి 24-105ఎంఎం ఎఫ్/4 పెట్టుకున్నవాళ్ల కన్నా, ఆర్50కి ఈ 50 పెట్టుకున్నవాళ్లకే చీకట్లో శుభ్రమైన ఫొటో వస్తుంది. షోరూమ్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. చెబితే పెద్ద బాడీ అమ్ముడుపోవద్దూ!

చిక్కల్లా ఒకటే. క్రాప్ సెన్సర్ మీద 50ఎంఎం లెన్స్ 80ఎంఎం చూపు చూపిస్తుంది, అంటే ఫ్రేములో పట్టేది తగ్గుతుంది. వధూవరుల ముఖాలకు చక్కగా ఉంటుంది. చుట్టూ నిలబడ్డ బంధుబలగమంతా ఫ్రేములోకి రావాలంటే వెనక్కి నడవాలి, వెనకేమో వీడియోవాళ్ల ట్రైపాడ్. అందుకే ఆర్50 కొనేవాళ్లు ఒక్క జూమే కొనగలిగితే, 2024లో ఆర్‌ఎఫ్ మౌంట్‌కి వచ్చిన సిగ్మా 18-50ఎంఎం ఎఫ్/2.8 చూడమంటాను. బరువు 300 గ్రాములు, జూమ్ మొత్తంలో ఎఫ్/2.8 నిలకడగా ఉంటుంది.

ఖరీదైనది ఫోకస్ బాగా పట్టుకుంటుందా?

రెండింటిలోనూ ఉన్నది డ్యుయల్ పిక్సెల్ సీమాస్ ఏఎఫ్ 2 అనే పద్ధతే. కన్ను వెతికి పట్టుకోవడం, మనిషి తల తిప్పుకుంటే ముఖాన్నీ తలనూ వదలకుండా ఉండటం ఆర్50కీ వచ్చు. పదేళ్ల కిందట ఇంత చవక కెమెరాలో ఇది ఊహకు కూడా అందేది కాదు. చీకట్లో మాత్రం తేడా ఉంది: కంపెనీ లెక్కల్లో ఆర్50 మైనస్ 4 ఈవీ (వెలుతురు కొలత, మైనస్‌లోకి వెళ్లేకొద్దీ చీకటి) దాకా, ఆర్6 మార్క్ 2 మైనస్ 6.5 ఈవీ దాకా ఫోకస్ చేస్తాయి. ఫంక్షన్ హాలు లైట్లలో దీని అవసరం రాదు. సంగీత్ రాత్రి లైట్లన్నీ ఆర్పేసి ఒక్క స్పాట్ లైటుతో డాన్స్ మొదలుపెట్టినప్పుడు వస్తుంది.

ఫొటో దాదాపు అదే, ఫోకస్ దాదాపు అదే. మరి అంత డబ్బెందుకు?

పని మధ్యలో ఆగకుండా ఉండటానికి. ఫొటో నాణ్యతకు ఇచ్చేది అందులో కొంతే.

తలంబ్రాల ఘట్టమే తీసుకోండి. ఆర్50 సెకనుకు 12 ఫ్రేములు తీస్తుంది. రా ఫైళ్లలో (సెన్సర్ పట్టిన సమాచారాన్ని తర్వాత దిద్దుకోవడానికి వీలుగా దాచేవి) తీస్తుంటే ఏడు ఫొటోలకే బఫర్ (ఫొటోలు కార్డుకెక్కే ముందు ఆగే తాత్కాలిక మెమరీ) నిండిపోతుంది, అంటే అర సెకను దాటి కొంచెం. ఆ తర్వాత ఫైళ్లు కార్డులోకి ఎక్కేదాకా నత్తనడకే. పెళ్లికూతురు దోసిలి ఎత్తినప్పుడు బటన్ నొక్కారు, పసుపు బియ్యం జారడం మొదలైంది, కెమెరా చతికిలబడింది. పెళ్లికొడుకు కళ్లు గట్టిగా మూసుకుని నవ్వడం, పక్కన మేనత్త చప్పట్లు కొట్టడం ఆ తర్వాత జరుగుతాయి. కుదించిన సీ-రాలో తీస్తే పదిహేను దాకా, జేపెగ్‌లో నలభై పైచిలుకు దాకా లాగుతుంది కాబట్టి మార్గం లేకపోలేదు. కానీ మండపం మీది రంగురంగుల లైట్లలో తెల్లచీర రంగును తర్వాత సరిచేసుకోవాలంటే రా ఉండాల్సిందే. ఆర్6 మార్క్ 2 మెకానికల్ షటర్‌తో సెకనుకు 12, ఎలక్ట్రానిక్ షటర్‌తో 40 తీస్తుంది. బఫర్ పెద్దది, వేగమైన యూహెచ్‌ఎస్-2 కార్డులు పడతాయి. తలంబ్రాల గిన్నె ఖాళీ అయ్యేదాకా మధ్యమధ్యలో వేలు నొక్కుతూ పోవచ్చు.

తర్వాత కార్డులు. ఆర్50కి ఒక్కటే స్లాటు. ఆర్6 మార్క్ 2కి రెండు, ప్రతి ఫొటోనూ ఒకేసారి రెండింటిలో రాసుకుంటుంది. కార్డులు రోజూ చెడిపోవు, నిజమే. చెడిపోయిన రోజున మాత్రం జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం కదా. డబ్బు తీసుకుని పెళ్లి ఒప్పుకునేవాళ్లకు ఈ రెండో స్లాటు ఒక్కటే సగం ధర చేస్తుందని నా లెక్క.

బ్యాటరీ ఇంకోటి. ఆర్50లో ఉండే ఎల్‌పీ-ఈ17 సామర్థ్యం 1040 ఎంఏహెచ్. ఆర్6 మార్క్ 2లో ఉండే ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ 2130. ఎదురుకోలు నుంచి అప్పగింతల దాకా నడవాలంటే చిన్నదానికి జేబు నిండా బ్యాటరీలు కావాలి.

చివరిగా, స్పెసిఫికేషన్ల పట్టికలో ఎవరూ పట్టించుకోని డయళ్లు. మాన్యువల్ మోడ్‌లో ఆర్50కి ఉన్నది ఒక్క డయలే. షటర్ మార్చాక అపెర్చర్ మార్చాలంటే ఇంకేదో నొక్కాలి. పెద్దదాంట్లో షటర్, అపెర్చర్, ఐఎస్‌ఓ ఒక్కోటి ఒక్కో డయల్‌కి ఇచ్చేసుకోవచ్చు, ఫోకస్ పాయింట్ జరపడానికి బొటనవేలి కింద జాయ్‌స్టిక్ ఉంటుంది. వ్యూఫైండర్ నుంచి కన్ను తీయకుండా పని జరిగిపోతుంది. ఇది అలవాటైనవాళ్లు చిన్న బాడీ పట్టుకుంటే చేతులు కట్టేసినట్టు విసుక్కుంటారు.

అయితే ఆర్50తో పెళ్లిళ్లు తీయకూడదా?

మీ అక్క పెళ్లికి, స్నేహితుడి గృహప్రవేశానికి, చెల్లి ఓణీల ఫంక్షన్‌కి నిక్షేపంగా తీయండి. ఎవరి దగ్గరో క్యాండిడ్ కోసం రెండో ఫొటోగ్రాఫర్‌గా వెళ్లినా నడుస్తుంది. అడ్వాన్స్ తీసుకుని, మీరు తప్ప ఇంకెవరూ తీయని పెళ్లికి మాత్రం ఒంటి కార్డు, ఒంటి బాడీతో వెళ్లకండి. ఆ రోజుకు రెండు స్లాట్ల బాడీ అద్దెకు తీసుకుని, మీ ఆర్50ని రెండో మెడపట్టీకి తగిలించుకోండి.

బాడీలోనే స్టెబిలైజేషన్ ఉందంటారు. అది లేకపోతే ఫొటోలు కదిలిపోతాయా?

ఆర్6 మార్క్ 2లో సెన్సరే కదులుతూ మన చేతి వణుకును సరిదిద్దుతుంది, కంపెనీ ఎనిమిది స్టాపుల దాకా అంటుంది. ఆర్50లో అది లేదు. కిట్ లెన్స్‌లో ఉంది, పైన చెప్పిన 50ఎంఎంలో లేదు, సిగ్మా జూమ్‌లోనూ లేదు.

ఇది ఎక్కడ అక్కరకొస్తుందంటే, రామప్ప గుడి రంగమంటపం లాంటి చోట. బయట ఎండ మండిపోతుంటే లోపల నల్లరాతి స్తంభాల మీది శిల్పాలు మసక వెలుతురులో ఉంటాయి. పురావస్తు శాఖ కట్టడాల్లో అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు. ఆర్6 మార్క్ 2 పట్టుకుని ఊపిరి బిగబట్టి అర సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చినా స్తంభం మీది గీత గీతా నిలుస్తుంది. స్టెబిలైజేషన్ లేని లెన్స్ పెట్టిన ఆర్50తో సుమారు 1/50 దగ్గరే ఆగిపోవాలి, ఐఎస్‌ఓ పెంచుకోవాలి. రాయి కదలదు కాబట్టి ఇంత లాభం. డాన్స్ చేసే పిల్ల కదులుతుంది. ఎన్ని స్టాపుల స్టెబిలైజేషన్ ఉన్నా ఆమె చెయ్యి మసకబారకుండా ఆపలేదు, దానికి షటర్ స్పీడే పెంచాలి.

ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోల్లో అడ్డచారలు వస్తున్నాయి. చవక కెమెరా వల్లేనా?

చాలావరకు సెట్టింగు వల్ల. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నేరుగా నడిచే లైట్లు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. సైలెంట్ షటర్ ఆపేసి, షటర్ స్పీడు 1/50 లేదా 1/100 దగ్గర పెడితే ఏ కెమెరాలోనైనా ఈ బాధ బాగా తగ్గుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తీసేవాళ్లకు 60 హెర్ట్జ్ కాబట్టి 1/60 లేదా 1/120. స్టేజీ వెనక పెట్టే ఎల్‌ఈడీ తెరల సంగతి వేరు, అవి ఇంకా వేగంగా మినుకుతాయి. వాటికోసం షటర్ స్పీడును దశాంశాల తేడాతో సవరించుకునే వీలు ఆర్6 మార్క్ 2లో ఉంది.

యూట్యూబ్ ఛానల్‌కి, రీల్స్‌కి ఏది?

వంటల ఛానలో, పాఠాలో, ఊళ్లు తిరిగే వీడియోలో అయితే ఆర్50 చాలు. సెన్సర్ వెడల్పంతా వాడుకుని 6కె నుంచి కుదించిన 4కె ఇస్తుంది, సెకనుకు 30 ఫ్రేములు. మైక్ జాక్ ఉంది. హెడ్‌ఫోన్ జాక్ లేదు కాబట్టి శబ్దం సరిగా రికార్డవుతోందో లేదో ముందే ఒక ముక్క తీసి విని చూసుకోవాలి. ఏకబిగిన గంటకు మించి రికార్డు చేయదు. వీడియో మాత్రమే మీ పని అయితే 2025లో వచ్చిన ఆర్50 వి కూడా చూడండి. దానికి వ్యూఫైండర్ ఉండదు, లాగ్ (రంగుల్ని తర్వాత దిద్దుకోవడానికి వీలుగా చప్పగా రికార్డు చేసే పద్ధతి) ఉంటుంది.

పెళ్లి వీడియోలు తీసేవాళ్లు ఆర్6 మార్క్ 2 వైపు వెళ్లడానికి కారణాలు 4కెలో సెకనుకు 60 ఫ్రేములు (స్లో మోషన్ అంతా దాని మీదే నడుస్తుంది), సీ-లాగ్ 3, హెడ్‌ఫోన్ జాక్, ఆరు గంటల దాకా ఆగని రికార్డింగ్. వేడెక్కడం గురించి మాత్రం కంపెనీ చెప్పే నిమిషాలను మన ఎండలకు అలాగే నమ్మొద్దు. అవి 23 డిగ్రీల గదిలో కొలిచినవి. మే నెలలో విజయవాడలో పందిరి కింద తీసేవాళ్లు 60 ఫ్రేముల్ని అవసరమైన ఘట్టాలకే దాచుకుంటే మేలు.

వానలో, దుమ్ములో తట్టుకుంటాయా?

ఆర్6 మార్క్ 2కి సీలింగ్ ఉంది, ఆర్50కి లేదు. అయితే బాడీకి ఉన్నంత మాత్రాన సరిపోదు, లెన్స్‌కీ ఉండాలి. 50ఎంఎం ఎఫ్/1.8కి లేదు. బారాత్‌లో వాన మొదలైతే ఏ కెమెరాకైనా పాలిథిన్ కవరే మొదటి మందు.

ఆర్6 మార్క్ 2 నిజంగా ప్రొఫెషనల్ కెమెరాయేనా? అంతకన్నా పెద్దవి ఉన్నాయిగా?

ఉన్నాయి. 2024 జులైలో ఆర్1, ఆర్5 మార్క్ 2 ప్రకటించారు. క్రికెట్ మైదానం అంచున కూర్చుని తీసేవాళ్లకు ఆర్1, హోర్డింగ్ సైజు ప్రకటనలు, ఫ్యాషన్ తీసేవాళ్లకు 45 మెగాపిక్సెళ్ల ఆర్5 మార్క్ 2. తమాషా ఏమిటంటే, కంపెనీ నెత్తిన పెట్టుకునే ఆర్1 కూడా 24.2 మెగాపిక్సెళ్లే. మెగాపిక్సెళ్లు చూసి కెమెరా కొనేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

2025 నవంబరులో 32.5 మెగాపిక్సెళ్లతో ఆర్6 మార్క్ 3 కూడా ప్రకటించారు. కొత్తది వస్తే పాతది పనికిరాకుండా పోదు, దాని ధర దిగుతుంది. కొనేవాళ్లకు అదే మంచి సమయం.

బరువు ఎంత?

బ్యాటరీ, కార్డుతో ఆర్50 375 గ్రాములు, ఆర్6 మార్క్ 2 670. లెన్సులు కలిపితే అసలు తేడా తెలుస్తుంది. ఆర్50కి కిట్ లెన్స్ పెడితే అరకిలో. ఆర్6 మార్క్ 2కి 24-70ఎంఎం ఎఫ్/2.8 ఎల్ పెడితే కిలోన్నర పైమాటే. తిరుమల మెట్లెక్కేటప్పుడు మెడలో ఏది ఉంటుందో, ఏది ఇంట్లో బీరువాలో ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంట్లో పాత కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులున్నాయి. పనికొస్తాయా?

రెండింటికీ పనికొస్తాయి. ఈఎఫ్ (ఆ పాత లెన్సుల మౌంట్) నుంచి ఈఓఎస్ ఆర్‌కి మార్చే అడాప్టర్ ఒకటి కొంటే చాలు, ఆటోఫోకస్ మామూలుగా నడుస్తుంది. బరువైన 70-200 లాంటివి ఆర్50కి తగిలిస్తే మాత్రం పట్టుకోవాల్సింది లెన్స్‌ని, బాడీని కాదు.

సోనీ, నికాన్ అయితే ఈ లెక్కలు మారతాయా?

పేర్లు మారతాయి, లెక్క మారదు. నికాన్‌లో జెడ్50 2, జెడ్6 3 పక్కపక్కన పెట్టినా, సోనీలో ఏ6400, ఏ7 4 పెట్టినా ఇవే ప్రశ్నలు వస్తాయి: సెన్సర్ సైజు, రెండో స్లాటు, బఫర్, డయళ్లు. ఫుల్ ఫ్రేమ్‌లో సిగ్మా, టామ్రాన్ లెన్సులు కావాలనుకునేవాళ్లకు సోనీలో దొరికినన్ని కెనాన్ ఆర్‌ఎఫ్‌లో దొరకవు. ఇది కెనాన్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు. మీ ఊళ్లో మీకు లెన్స్ అరువిచ్చే స్నేహితుడు ఏ కంపెనీ వాడుతున్నాడో కూడా చూసుకోండి.

అమెరికాలో ఉన్న అన్నయ్య తెస్తానంటున్నాడు. తెప్పించుకోనా?

కొనేముందే ఇక్కడి సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి, బయటి దేశంలో కొన్న బాడీకి వారంటీ వర్తిస్తుందో లేదో అడగండి. కస్టమ్స్ లెక్క కూడా కలుపుకోండి, పెద్ద బాడీకి అది చిన్న మొత్తం కాదు. చార్జర్‌తో ఇబ్బంది లేదు, 240 వోల్టులకు నడుస్తుంది. వచ్చాక మెనూలో వీడియో సిస్టమ్ ఎన్‌టీఎస్‌సీ (అమెరికా 60 హెర్ట్జ్‌కు సరిపడేది) నుంచి పాల్‌కి (మన 50 హెర్ట్జ్‌కు సరిపడేది) మార్చుకోండి. లేకపోతే మన లైట్ల కింద తీసిన వీడియోలు మినుకుమినుకుమనే అవకాశం ఎక్కువ, తప్పేమో కెమెరాదనుకుంటారు.

సెకండ్ హ్యాండ్ ఆర్6 మార్క్ 2, కొత్త ఆర్50: ఏది మేలు?

సంపాదన కోసమైతే సెకండ్ హ్యాండ్ ఆర్6 మార్క్ 2. సరదా కోసమైతే కొత్త ఆర్50, మిగిలిన డబ్బుకు మంచి లెన్స్.

పాత బాడీ కొనేటప్పుడు హైదరాబాద్ కోఠిలో దుకాణం కౌంటర్ మీదైనా, ఎవరింటి గుమ్మంలోనైనా చేయాల్సిన పని ఒకటే. మీ కార్డులు రెండు తీసుకెళ్లి రెండు స్లాట్లలోనూ రాయించండి. ఎఫ్/16 పెట్టి తెల్లగోడను ఫోకస్ తప్పించి తీయండి, స్క్రీన్ మీద జూమ్ చేస్తే సెన్సర్ మీది మచ్చలు బయటపడతాయి. దుమ్మైతే శుభ్రం చేయిస్తే పోతుంది, గీతలైతే పోవు. ప్రతి డయల్ తిప్పండి, జాయ్‌స్టిక్ నాలుగు వైపులా నొక్కండి, కెమెరా నెత్తిన ఉండే హాట్ షూ మీద ఫ్లాష్ పెట్టి వెలిగించండి. బాడీ మీద ఉన్న సీరియల్ నంబరు బిల్లు మీది నంబరుతో కలవాలి. బిల్లు లేదన్నవాళ్ల దగ్గర ఎంత చవకైనా కొనకండి, దొంగ సొత్తు తగులుకుంటే తలనొప్పి మీకే.

మంచి ఫోన్ ఉంది. అసలు కెమెరా అవసరమా?

తీసిన ఫొటోలు ఫోన్‌లోనే చూసుకుని, వాట్సాప్‌లో పంపించి ఊరుకుంటే అవసరం లేదు. దూరంగా స్టేజీ మీద కూచిపూడి ఆడుతున్న మీ అమ్మాయి కావాలి, వెనక తెర మసకగా కరిగిపోవాలి, ఆ ఫొటో గోడకు వేలాడాలి అనుకుంటే అవసరమే. ఆ పనికి కూడా ఆర్50 చాలు.

ఇప్పుడు ఆర్50 వాడుతున్నాను, పని పెరిగింది. దాన్ని అమ్మేసి ఆర్6 మార్క్ 2 కొనాలా?

అమ్మకండి. అమ్మితే వచ్చేది తక్కువ, ఉంచుకుంటే రెండో బాడీ అవుతుంది. మెనూలు ఒకేలా ఉంటాయి కాబట్టి ఒక చేతిలోంచి రెండో చేతికి మారినా తడబాటు ఉండదు. 50ఎంఎం లెన్స్ రెండింటికీ పడుతుంది, పెద్దదాని మీద అది అసలైన 50 చూపు చూపిస్తుంది. సిగ్మా 18-50, కిట్ లెన్స్ లాంటి క్రాప్ లెన్సులను మాత్రం ఆర్6 మార్క్ 2కి తగిలించకండి. తగిలించగానే కెమెరా తనంతట తానే సెన్సర్ మధ్యభాగానికి కుదించుకుంటుంది, ఫొటో 9 మెగాపిక్సెళ్లకు కాస్త పైన ఆగిపోతుంది. బ్యాటరీలు, చార్జర్లు కూడా కలవవు. రెండింటికీ వేరువేరు సంచులు పెట్టుకుని, పెళ్లికి బయల్దేరే ముందు రెండూ తెరిచి చూసుకోండి.